డయాగ్రమ్‌లో లేని వైరు

భోగి ముందు రోజు తెల్లవారుజామున తెనాలిలో బస్సు దిగి ఇంటికి చేరా. గేటు తీస్తూ అమ్మ అన్న మొదటి మాట, "ఒరేయ్, ఈ నాలుగు రోజుల్లో ఆ బండి సంగతి తేల్చు. మీ నాన్న నెలన్నర నుంచి ఇల్లు కదలట్లేదు."

వరండాలో పాత దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది బండి. 1997 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. నాన్న లెక్కల మాస్టారు. పీఎఫ్ లోను పెట్టి కొన్న మొదటి బండి, చివరి బండి అదే. నేను ఎల్‌కేజీకి దాని ట్యాంకు మీద కూర్చుని వెళ్లా. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి దాని వెనక సీటు మీద వెళ్లా. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్ చేయించుకుంటూ వస్తున్నారు. మొన్న 2022లో చేయిస్తే 2027 దాకా వచ్చింది.

రిటైరయ్యాక నాన్న దినచర్య ఏంటంటే, పొద్దున్నే ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న ఎకరం పొలం చూసి రావడం, వస్తూ వస్తూ చెరువు గట్టు మీద టీ కొట్టు దగ్గర తోటి రిటైర్డ్ మాస్టార్లతో గంటసేపు దేశాన్ని బాగు చెయ్యడం. బండి ఆగిపోయాక ఆ రెండూ ఆగిపోయాయి.

మెకానిక్ దగ్గరికి ఎందుకు తీసుకెళ్లలేదూ అంటారా? ఎందుకంటే ఫోన్లో నేనే చెప్పా. "నాన్నా, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు. నేనొచ్చి చూస్తా" అని. డిసెంబర్‌లో వస్తానన్నా, రిలీజ్ అడ్డొచ్చింది. క్రిస్మస్ సెలవులకి వస్తానన్నా, ఇంకో రిలీజ్. ఆయన మాత్రం "మా వాడు ఇంజినీరు, వచ్చి చూస్తానన్నాడు" అని అందరికీ చెప్పుకుంటూ కూర్చున్నారు.

ఈ వారం కాలమ్ ఆ బండి గురించే. పాత బండికి స్పార్క్ రాకపోతే ఎలా వెతకాలో చెప్తా. దాంతోపాటు ఎలా వెతక్కూడదో కూడా చెప్తా. రెండోదాంట్లో నాకు అనుభవం ఎక్కువ.

ముందు బండి గుండె ఎలా కొట్టుకుంటుందో చూద్దాం

పెట్రోలు ఇంజిన్ స్టార్ట్ అవ్వాలంటే మూడు కావాలి. పెట్రోలు-గాలి మిశ్రమం, దాన్ని నొక్కిపట్టే కంప్రెషన్, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. మా బండి కిక్కు కొడితే కాలికి గట్టిగానే తగులుతోంది. అంటే కంప్రెషన్ ఉంది. పదిసార్లు కొట్టాక ప్లగ్ విప్పితే మొన తడిగా, పెట్రోలు వాసనతో ఉంది. అంటే పెట్రోలు వస్తోంది. ఇక మిగిలింది నిప్పు.

అప్పటి స్ప్లెండర్లలో నిప్పుకి బ్యాటరీతో పని లేదు. బ్యాటరీ పీకేసినా కిక్కు కొడితే బండి స్టార్ట్ అయ్యేది, గుర్తుందా? ఇంజిన్ పక్కన తిరిగే మాగ్నెట్ లోపల ఒక కాయిల్ ఉంటుంది. కిక్కు కొట్టగానే మాగ్నెట్ తిరిగి ఆ కాయిల్‌లో వంద వోల్టుల పైన కరెంటు పుడుతుంది. అది సీడీఐ అనే చిన్న నల్ల డబ్బాలోకి వెళ్లి, లోపలున్న కెపాసిటర్‌ని నింపుతుంది. ఇంకో చిన్న కాయిల్ ఉంటుంది, పల్సర్ కాయిల్ అంటారు. పిస్టన్ పైకొచ్చే సమయానికి అది "ఇప్పుడు!" అని సీడీఐకి సైగ చేస్తుంది. వెంటనే కెపాసిటర్‌లో నిండిన కరెంటంతా ఒక్కసారిగా హెచ్‌టీ కాయిల్‌లోకి దూకుతుంది. హెచ్‌టీ కాయిల్ దాన్ని వేల వోల్టులకి పెంచి ప్లగ్‌కి పంపుతుంది. ప్లగ్ మొన దగ్గర 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందు దూకేదే మనం చూసే నీలం రవ్వ.

ఇంతవరకు బాగానే ఉంది. మరి తాళం తిప్పి బండి ఆపితే ఏమవుతుంది?

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నేనూ వేశా. ఇంట్లో ఫ్యాన్ స్విచ్చు ఆఫ్ చేస్తే వైరు తెగుతుంది, కరెంటు ఆగుతుంది. ఈ బండిలో లెక్క తల్లకిందులు. తాళం ఆఫ్ చేస్తే ఒక వైరు తెగదు, బండి బాడీకి కలుస్తుంది. సీడీఐ నుంచి తాళానికి ఒక వైరు వెళ్తుంది, హోండా రకం బళ్లలో నలుపు మీద తెల్ల గీత ఉంటుంది దానికి. మెకానిక్కులు కిల్ వైరు అంటారు. తాళం ఆఫ్‌లో ఉంటే ఆ వైరు ఎర్త్ అవుతుంది, మాగ్నెట్ కాయిల్‌లో పుట్టిన కరెంటు సీడీఐని నింపకుండా బాడీలోకి పారిపోతుంది. స్పార్క్ రాదు. తాళం ఆన్ చేస్తే ఆ కలయిక విడిపోతుంది, స్పార్క్ వస్తుంది.

అంటే ఈ బండిలో "ఆఫ్" అంటే కలపడం, "ఆన్" అంటే విడదీయడం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇంజినీరు గారి ప్రతాపం

ప్లగ్ విప్పి, దాని టోపీకే తగిలించి, ప్లగ్ ఇనుప ఒంటిని ఇంజిన్ హెడ్‌కి ఆనించి కిక్కు కొట్టా. రవ్వ లేదు. కొత్త ప్లగ్ తెచ్చి వేశా. రవ్వ లేదు.

నాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. "దసరా తర్వాత నుంచీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టక్కుమని ఆగి మళ్లీ అందుకునేదిరా. తర్వాత తర్వాత గుంతల్లో కూడా. ఓ రోజు ఇంటి ముందే పూర్తిగా ఆగిపోయింది" అన్నారు.

నేను ఫోన్లో వీడియోలు చూస్తున్నా. "ఊఁ" అన్నా.

చూసిన వీడియోల్లో ముక్కాలు భాగం ఒకటే మాట. స్పార్క్ లేదా? సీడీఐ పోయింది, మార్చెయ్. గంట తిరిగి 480 రూపాయలకి సీడీఐ తెచ్చా. సీటు తీసి, పెట్రోలు కాక్ మూసి, పైపు పీకి, ట్యాంకు తీసి పక్కన పెట్టా. పాత సీడీఐ పీకి కొత్తది పెట్టా. కిక్కు కొట్టా. టప్‌మని నీలం రవ్వ!

"నాన్నా! వచ్చేసింది!" అని అరిచా. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నాన్న లేచి లోపలికెళ్లి చొక్కా వేసుకొచ్చారు, పొలం వెళ్లొద్దామని. ట్యాంకు బిగించి, పైపు పెట్టి, సీటు వేసి, కిక్కు కొట్టా.

ఏం లేదు.

ఇరవై కిక్కులు కొట్టా. ప్లగ్ విప్పి చూశా. రవ్వ లేదు. కొత్త సీడీఐ కూడా నాసిరకం అయ్యుంటుందని తేల్చేశా. కాదు, కాదు, హెచ్‌టీ కాయిల్ వేడెక్కితే పోతోందేమో అని ఇంకో సిద్ధాంతం చేశా. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి 350 పెట్టి కాయిల్ తెచ్చా. మళ్లీ ట్యాంకు తీశా, కాయిల్ మార్చా, కిక్కు కొట్టా. రవ్వ వచ్చింది. ఈసారి అరవలేదు. ట్యాంకు పెట్టా. రవ్వ పోయింది.

అప్పటికి సాయంత్రం అయింది. చేతులంతా నల్లగా అయిపోయాయి. కిక్కు కొట్టీ కొట్టీ కుడి కాలు లాగేస్తోంది. విసుగులో నోరు జారా. "ఇది ఇక లాభం లేదు నాన్నా. పాత సామాన్లవాడు ఏడు వేలు ఇస్తానన్నాడట. ఇచ్చేద్దాం. నీకు ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటా, గేర్లు కూడా ఉండవు, హాయిగా ఉంటుంది."

ఆయన తిడతారనుకున్నా. తిట్టి ఉంటే బాగుండేది. ట్యాంకు మీద పడ్డ నా వేలిముద్రల్ని తువ్వాలుతో తుడిచి, "సరేలే, నీకెలా తోస్తే అలా చెయ్యి" అని లోపలికెళ్లిపోయారు. తొడుక్కున్న చొక్కా విప్పి కొయ్యకి తగిలించడం వరండాలోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

రెండు ప్రశ్నలు

మర్నాడు భోగి. మంట చల్లారాక మా వీధి చివర మెకానిక్ బాబాయ్ పలకరించడానికి వచ్చాడు. నాన్న దగ్గర ట్యూషన్ చదివినవాడే, లెక్కల్లో మాత్రం ఫెయిలు. పండగ పూట షాపు మూసేశాడు, చేతిలో స్పానర్ కూడా లేదు.

"ఏం మాస్టారూ, మనవాడు బండి బాగు చేశాడా?" అన్నాడు. జరిగిందంతా చెప్పా. ఆయన బండి వైపు చూడలేదు, నా వైపు చూశాడు. రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"దసరా తర్వాత నుంచి" అన్నారు నాన్న.

"దసరాకి బండి మీద చెయ్యి పెట్టిందెవరు?"

వరండాలో ఎవరూ మాట్లాడలేదు. ఎందుకంటే చెయ్యి పెట్టింది నేను. ఆయుధ పూజకి బండి తళతళలాడాలని ట్యాంకు విప్పి, కింద తుప్పు గీకి, రంగు కొట్టి, మళ్లీ బిగించింది నేనే. ఆ ఫొటో స్టేటస్ కూడా పెట్టా. మంచి లైకులే వచ్చాయి.

నా ఉద్యోగం ఏంటో తెలుసా? సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి ఎందుకు పడిందో కనిపెట్టడం. ఆఫీసులో అలాంటి కాల్ మొదలవగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "చివరగా ఏం మార్చారు? ఎవరు మార్చారు?" ఆ ప్రశ్న నేను వందసార్లు అడిగుంటా. మా ఇంటి వరండాలో మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఎందుకంటే ఇక్కడ పాతది బండి, తెలివైనవాణ్ని నేను. తప్పు బండిదే అయ్యుండాలి కదా!

"ట్యాంకు తీస్తే వస్తోంది, పెడితే పోతోంది. బండి నీకు చెప్తూనే ఉంది గదా తమ్ముడూ" అన్నాడు బాబాయ్. "రాత్రంతా ఆలోచించావు గానీ అది చెప్పేది వినలేదు."

స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఆగుతోందన్న నాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. సీడీఐ లోపల పాడైతే స్పీడ్ బ్రేకర్‌కి, దానికీ ఏం సంబంధం? కుదుపుకి తెగేదో కలిసేదో వైరే. నాన్న నాకు పూర్తి లాగ్ చదివి వినిపించారు. నేను "ఊఁ" అన్నా.

కూ... మన్నది

బాబాయ్‌కి స్పానర్ లేకపోయినా నా దగ్గర మల్టీమీటర్ ఉంది. కాలేజీలో ప్రాజెక్టుకి కొన్నది. దాన్ని బజర్ మీద పెడితే, రెండు మొనల మధ్య దారి ఉంటే కూ... మని మోగుతుంది.

సీడీఐ సాకెట్ పీకేశాం. తాళం ఆన్‌లో పెట్టాం. ఇప్పుడు ఆ నలుపు-తెలుపు కిల్ వైరుకి, బండి బాడీకి మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు. మీటరు ఒక మొన సాకెట్‌లో కిల్ వైరు పిన్నుకి, రెండోది బాడీకి ఆనించా. నిశ్శబ్దం. బాబాయ్ ట్యాంకు ఎత్తి ఫ్రేము మీద కూర్చోబెట్టాడు.

కూ... మని మోగింది.

ఎత్తితే నిశ్శబ్దం. దించితే మోత. ఆటలాగా నాలుగుసార్లు చేశాం. తాళం చెయ్యిదే తప్పేమోనని హెడ్‌లైట్ డోమ్ లోపల తాళం సాకెట్ కూడా విడదీసి చూశాం. అయినా మోగింది. అంటే తాళం నిర్దోషి. ట్యాంకు కిందే ఎక్కడో కిల్ వైరు బాడీకి తగులుతోంది. ట్యాంకు పెట్టిన ప్రతిసారీ, తాళం ఆన్‌లో ఉన్నా, నేను నా చేతులతో బండిని "ఆఫ్" చేస్తున్నానన్నమాట.

ట్యాంకు తీసి వైర్ల కట్టని వేలితో తడుముతూ వెళ్లా. ఒక చోట నల్ల టేపు చుట్టి ఉంది. కంపెనీ చుట్టిన టేపు కాదది, జిగురు కారిపోయి ఎప్పటిదో. విప్పితే, కిల్ వైరుకి అతుకు వేసి ఒక ఎర్ర వైరు. ఆ ఎర్ర వైరు ఫ్రేము వెంట వెనక్కి వెళ్లి ఎడమ సైడ్ కవర్ వెనక మాయమైంది. మధ్యలో ఒక చోట, సరిగ్గా ట్యాంకు అంచు కూర్చునే చోట, పైన తొడుగు చితికి రాగి పోగులు బయటికి మెరుస్తున్నాయి. దసరాకి ట్యాంకు బిగించేటప్పుడు ఆ వైరుని కింద ఇరికించేశా. మొదట్లో తొడుగు కొంచెమే చితికింది, కుదుపుకి తగిలేది. రోజూ నలిగి నలిగి చివరికి పూర్తిగా తగులుకుంది.

నెట్‌లో స్ప్లెండర్ వైరింగ్ డయాగ్రమ్ తీసి చూశా. కిల్ వైరు మీద అలాంటి ఎర్ర వైరు ఎక్కడా లేదు.

"నాన్నా, ఇదేంటి?"

"ఏమో, దీనికి అలాంటిదేం లేదే" అన్నారు నాన్న, కళ్లజోడు సర్దుకుంటూ.

అరిసెల పిండి కలుపుతున్న అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. "అది చోర్ స్విచ్చు వైరు కదండీ! మర్చిపోయారా?"

అమ్మ పాస్‌వర్డ్

2001లో అట. సినిమా హాలు ముందు పెట్టిన పక్కింటి వాళ్ల బండి పోయింది. మా నాన్నకి ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడే ఎడమ సైడ్ కవర్ వెనక ఒక చిన్న స్విచ్చు పెట్టించారు. అది నొక్కితే కిల్ వైరు ఎర్త్ అయిపోతుంది. దొంగ తాళం తిప్పినా, మారుతాళం పెట్టినా, ఎన్ని కిక్కులు కొట్టినా బండి కదలదు. అప్పట్లో చాలామంది పెట్టించుకునేవారట. పది రూపాయల స్విచ్చు, మూరెడు వైరు, ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియని చోటు.

ఆ ఇంట్లోవాళ్లు అమ్మే. వెనక సీటు మీద ఎడమ పక్కకి కాళ్లు పెట్టి కూర్చుంటుంది కాబట్టి, దిగగానే స్విచ్చు ఆమె చేతికి అందుతుంది. గుడి దగ్గర, సంతలో, పెళ్లిళ్లలో, దిగి చీర సర్దుకుంటున్నట్టు వంగి స్విచ్చు నొక్కడం అమ్మ డ్యూటీ. "నేను నొక్కానో లేదో అని పెళ్లి మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లొచ్చేవారు" అంది అమ్మ.

తర్వాత అమ్మకి మోకాళ్ల నొప్పులు వచ్చాయి. బండెక్కడం మానేసి ఆటోలకి మారింది. స్విచ్చు నొక్కే మనిషి లేక దాన్ని వాడటం మానేశారు. నెమ్మదిగా నాన్న మర్చిపోయారు. వైరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

"అవును కదూ!" అని నాన్న నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. బాబాయ్ అందుకున్నాడు. హీరో హోండా సీడీ హండ్రెడ్ ప్రకటన ఒకటి ఉండేది కదా, ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్ అని. "మాస్టారు మూడో మాట మరీ బాగా పాటించారు" అన్నాడు.

మా ఫీల్డులో ఇలాంటివి బోలెడు. ఇరవై ఏళ్ల కిందట ఎవరో ఏదో భయంతో రాసిన నాలుగు లైన్ల కోడ్ ఉంటుంది. ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండదు. కొత్తగా వచ్చినవాడు దాన్ని తొక్కుతాడు, సిస్టం పడిపోతుంది. అక్కడైతే రాసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలీదు. ఇక్కడ రాసినాయన పక్కనే కుర్చీలో ఉన్నారు, వాడిన మనిషి వంటింట్లో ఉంది. బండి గురించి నేను యూట్యూబ్‌ని అడిగా గానీ వాళ్లని అడగలేదు.

మీ బండికి స్పార్క్ రాకపోతే

నా 830 రూపాయలు, ఒక రోజు, ఒక కాలి పిక్క పోతే పోయాయి. మీవి పోకుండా ఉండాలంటే ఈ వరసలో వెళ్లండి. ఇది మాగ్నెట్ నుంచి కరెంటు తీసుకునే పాత సీడీఐ బళ్లకి. బ్యాటరీ మీద నడిచే కొత్త బళ్లకి, ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లకి లెక్క వేరు.

1. ముందు నోటితో వెతకండి. ఎప్పట్నుంచి? అంతకు ముందు ఏం చేశారు? వాన, సర్వీసింగ్, వాటర్ వాష్, ఎలుకలు? ఒక్కసారిగా పోయిందా, ఆగుతూ ఆగుతూ పోయిందా? కుదుపుకి, హ్యాండిల్ తిప్పినప్పుడు ఆగితే అనుమానం వైరు మీదే పెట్టండి.

2. తెలిసిన మంచి ప్లగ్‌తో చూడండి. ప్లగ్ ఒళ్లు ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనాలి. నీడలో చూడండి, ఎండలో రవ్వ కనపడదు. ప్లగ్‌ని గాల్లో వేలాడదీసి కిక్కు కొట్టొద్దు, ఆ వోల్టేజీ పోయే దారి లేక కాయిల్‌ని, సీడీఐని దెబ్బతీస్తుంది.

3. రవ్వ లేకపోతే ప్లగ్ టోపీ తిప్పి ఊడదీయండి. వైరు చివర అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించండి. పాత బళ్లలో ఆ చివర పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

4. తర్వాత కిల్ వైరు. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరునీ విడదీసి కిక్కు కొట్టండి. రవ్వ వచ్చిందా? అయితే సీడీఐ, కాయిల్, మాగ్నెట్ అన్నీ బాగున్నట్టే. తప్పు తాళంలోనో, కిల్ స్విచ్చులోనో, మధ్య వైరులోనో ఉంది. సగం బండిని ఒక్క పరీక్షతో పక్కన పెట్టేయొచ్చు. పైసా ఖర్చు లేదు. నేను మొట్టమొదట చెయ్యాల్సింది ఇదే. వైర్ల రంగులు మోడల్‌ని బట్టి మారతాయి, మీ బండి డయాగ్రమ్ చూసుకోండి. ఇంకో మాట, ఆ వైరు పీకి ఉండగా బండి స్టార్ట్ అయితే తాళంతో ఆగదు. బ్రేకు పట్టుకుని, టాప్ గేరులో క్లచ్ వదిలి ఆపాలి.

5. అప్పటికీ రాకపోతే మీటరుతో కాయిల్స్ కొలవండి. మా బండిలో మాగ్నెట్ కాయిల్ 280 ఓమ్‌ల దగ్గర, పల్సర్ కాయిల్ 115 దగ్గర చూపించాయి. మీ మోడల్‌కి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మీటరు అసలు కదలకపోతే కాయిల్ తెగినట్టు, సున్నా చూపిస్తే షార్ట్ అయినట్టు. ఇంజిన్ నుంచి ఫ్రేముకి ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టిందేమో కూడా చూడండి.

6. సీడీఐ ఆఖర్న. దాన్ని మామూలు మల్టీమీటర్‌తో నమ్మకంగా పరీక్షించలేం. అదే మోడల్ నడుస్తున్న బండి సీడీఐ అడిగి పెట్టి చూడటమే మార్గం. అందుకే ముందు మిగతావన్నీ తేల్చుకోవాలి. మార్చాక బాగైతే, పాతది మళ్లీ పెట్టి ఒకసారి చూడండి. పాతదానితోనూ నడిస్తే బాగుచేసింది కొత్త సీడీఐ కాదు, మీరు కదిపిన ఇంకేదో. ఈ ఒక్క పని చేసుంటే నేను భోగి ముందు రోజే పట్టేసేవాణ్ని.

జాగ్రత్తలు రెండు. కిక్కు కొడుతున్నప్పుడు ప్లగ్ టోపీ, వైరు చేత్తో పట్టుకోవద్దు. అవి వేల వోల్టులు, గట్టిగా కొడుతుంది, గుండె జబ్బున్నవాళ్లకి ప్రమాదం. రెండోది ఇంకా ముఖ్యం. ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి కొడుతుంటుంది. రవ్వ చూసే ప్లగ్‌ని ఆ రంధ్రానికి దూరంగా ఆనించండి, రంధ్రాన్ని గుడ్డతో మూయండి. విప్పిన ట్యాంకు, పెట్రోలు గుడ్డలు అవతల పెట్టండి. మేము భోగి మంట పూర్తిగా ఆరాకే బండి ముట్టుకున్నాం.

మళ్లీ చొక్కా

ఎర్ర వైరు పీకేద్దామన్నా. నాన్న ఒప్పుకోలేదు. "ఉండనీ. ఇప్పుడు గుర్తొచ్చిందిగా" అన్నారు. సరే అని కొత్త వైరు వేసి, మీద ప్లాస్టిక్ తొడుగు తొడిగి, ట్యాంకు తగలని దారిలో ఫ్రేముకి కట్టా. అతుకు సోల్డరింగ్ చేశా. పాత సీడీఐ, పాత కాయిల్ మళ్లీ పెట్టేశా, రెండూ భేషుగ్గా ఉన్నాయి. కొత్తవి సైడ్ బాక్సులో స్పేర్‌గా పెట్టా.

ఒక తెల్లకాగితం మీద డయాగ్రమ్ గీశా. కిల్ వైరు, ఎర్ర వైరు, స్విచ్చు ఉన్న చోటు, వేసిన సంవత్సరం, వేసినవారి పేరు. కింద ఇంకో లైను రాశా, "దసరాకి ఈ వైరు నలిపింది" అని, పక్కన నా పేరు. మడిచి ఆర్‌సీ కవర్లో పెట్టా. ఆఫీసులో ఎవరు ఏ లైను మార్చారో చూపించే కమాండ్ ఒకటి ఉంటుంది, గిట్ బ్లేమ్ అంటాం. అక్కడ నా పేరు వస్తే మొహం మాడిపోతుంది. ఇక్కడ నేనే రాసిపెట్టుకున్నా.

ట్యాంకు పెట్టాం. పెట్రోలు కాక్ తిప్పాం. కిక్కు నేను కొట్టబోతే బాబాయ్ ఆపి, "మాస్టార్ని కొట్టనీ" అన్నాడు. నాన్న లోపలికెళ్లి కొయ్య మీద చొక్కా తొడుక్కుని వచ్చారు. మొదటి కిక్కుకి దగ్గింది. రెండో కిక్కుకి అందుకుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ మాట నేను మళ్లీ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. సంక్రాంతి రోజు పొద్దున నేను నిద్ర లేచేసరికి వరండా ఖాళీగా ఉంది. పాత దుప్పటి మడత పెట్టి కుర్చీలో ఉంది. పొలం చూసి, టీ కొట్టు దగ్గర గంట కూర్చుని, పదింటికి వచ్చారు.

బండి స్టాండ్ వేసి, తాళం తీసి, నాలుగు అడుగులు వేసి ఆగారు. వెనక్కి వచ్చి వంగి, ఎడమ సైడ్ కవర్ వెనక చెయ్యి పెట్టారు.

"మన ఇంట్లో ఎవరెత్తుకెళ్తారండీ!" అంది అమ్మ, గుమ్మంలోంచి.